నలభై మూడు మలుపులు

"కారు నేను నడపొచ్చా?"

పొద్దున్న ఏడింటికి, ఇంకా గుడ్ మార్నింగ్ అయినా చెప్పకముందే, సర్వేయరు అడిగిన మొదటి మాట అది.

స్టీరింగ్ అద్దం తుడుస్తున్న గుడ్డని బానెట్ మీద పెట్టి అతని వైపు తిరిగింది. స్టీరింగ్ అంటే కారుకి ఉండేది కాదు, ఆ గెస్ట్ హౌస్ యజమానురాలి ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ళప్పుడు తాతయ్య ఒళ్ళో కూర్చుని బస్సు నేనే తిప్పుతానని మారాం చేసిందట. ఆ రోజు ఆయన పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. అసలు పేరు లైసెన్సులో భద్రంగా ఉంది, పిలిచేవాళ్ళే లేరు.

"ఎందుకు? నా చేతులకేమైంది?" అంది.

"అబ్బే, మీ చేతులకేం కాలేదండీ. నేను నడిపితే నాకు కాస్త... అంటే, అలవాటు."

"నాకూ అలవాటే. ఎనిమిదేళ్ళుగా ఈ కొండ దారుల్లో నేనే నడుపుతున్నాను. కారుకి ఒక్క గీత పడలేదు. అనుమానముంటే చుట్టూ తిరిగి చూసుకోండి."

అతను నిజంగానే ఒకసారి కారు వైపు చూశాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పోనీ ముందు సీట్లో కూర్చోవచ్చా?" అన్నాడు చిన్న గొంతుతో.

"కూర్చోండి. దానికి లైసెన్సు అక్కర్లేదు."

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ నీలం రంగు కారుని ఆమె నిన్న సాయంత్రం ఒకసారి, ఈ పొద్దున ఇంకోసారి కడిగింది. లోపల సీటు కవర్లు మార్చింది. సర్వేయరు వచ్చిన పని అలాంటిది మరి. ఒక మ్యాపుల కంపెనీ, కార్లో ఒక్క రోజులో వెళ్ళి రాగలిగే అందమైన చోట్ల గురించి పుస్తకం వేస్తోంది. ఒక్కో ప్రాంతానికి ఒక్క బస మాత్రమే ఎంచుకుంటారు. అక్కణ్ణించి ఆరు ట్రిప్పులు ఉండాలి. ఏ ట్రిప్పైనా టిఫిన్ అయ్యాక బయల్దేరితే సూర్యుడు దిగేలోగా ఇంటికి చేరాలి. ఈ కొండ చుట్టుపక్కల పోటీలో ఉన్నవి రెండే రెండు. ఒకటి వీళ్ళ ఎనిమిది గదుల గెస్ట్ హౌస్. రెండోది కొండకి అవతల టౌన్లో ఉన్న పెద్ద హోటల్.

హైవే అవతలి వైపుకి మారిన దగ్గర్నుంచీ వీళ్ళ ఎనిమిది గదుల్లో ఆరు గదులకి తాళాలే. అమ్మ నెల క్రితమే తేల్చి చెప్పేసింది. "ఈ పుస్తకంలో మన పేరొస్తే సరేసరి. రాకపోతే చలికాలానికి ఇల్లు మూసి టౌన్లో అత్తయ్య దగ్గరికి పోదాం. నీకు స్కూలు బస్సు ఉద్యోగం ఎటూ రమ్మంటోంది."

స్కూలు బస్సంటే చిన్నచూపేమీ లేదామెకి. కానీ ఎదురుగా కొండ లేకుండా, ఎప్పుడూ చదునుగా ఉండే రోడ్డు మీద బతుకంతా నడపడమంటే ఉప్పు లేని కూర తిన్నట్టే అనిపించేది. అందుకే ఈ ఆరు రోజుల మీద ఆమె ఆశంతా పెట్టుకుంది. ఆ ఆశ మీద కూర్చోబోయే మనిషి, ఎక్కకముందే తాళం చెవి అడుగుతున్నాడు!

మొదటి రోజు ట్రిప్పు రిజర్వాయరుకి. స్టీరింగ్ మంచి హుషారుగా మొదలుపెట్టింది.

"ఎడమ వైపు చూడండి. ఆ లోయలో పొగమంచు పాలు పొంగినట్టు లేస్తుంది. ఇంకో పది నిమిషాల్లో ఎండ తగలగానే కరిగిపోతుంది. చూశారా?"

"ఊఁ."

ఆమె పక్కకి చూసింది. సర్వేయరు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఎడమచేత్తో తలుపు పిడిని పట్టుకుని, శిలలా కూర్చున్నాడు.

చూడ్డానికే వచ్చిన మనిషి! ఆ చూడ్డానికే జీతం తీసుకునే మనిషి! లోయ దాటిపోయింది, పొగమంచు కరిగిపోయింది, నీలం రెక్కల పక్షులు గుంపుగా రోడ్డుకి అడ్డంగా ఎగిరిపోయాయి. ఆయన కళ్ళు తెరవలేదు. రిజర్వాయరు దగ్గర కారు ఆగగానే తలుపు తెరుచుకుని పెద్ద బండరాయి వెనక్కి పోయి, పది నిమిషాల తర్వాత వచ్చాడు. నోట్‌బుక్ తీసి ఒకే మాట రాశాడు. స్టీరింగ్ తల వంచి చూసింది. 'బాగుంది' అని ఉంది.

సాయంత్రం వంటింట్లో అమ్మ కూడా ముఖం ముడుచుకుని కూర్చుంది. "పొద్దున రెండు ముక్కలు రొట్టె కొరికాడు. ఆమ్లెట్ ముట్టుకోలేదు. రాత్రికి వద్దన్నాడు. నా వంటలో ఏం లోపం కనిపించిందే ఆ మ్యాపు బాబుకి?"

"లోపం నీ వంటలో కాదమ్మా, ఆయన పొగరులో ఉంది. ఆడది కారు నడిపితే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తల్చుకునే రకం."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న తాతయ్య కిసుక్కున నవ్వాడు. ఆయన ఇదే కొండ మీద ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. "అద్దంలో అలాంటి మొహాలు రోజుకి పది చూసేవాణ్ణి."

"ఎలాంటి మొహాలు తాతయ్యా?"

"అదేదో నువ్వే కనుక్కో. రేపు మాత్రం ఆయన వైపు కిటికీ అద్దం దించి ఉంచు."

రెండో రోజు వాన. అద్దం దించడం కుదిరే పని కాదు. ఆ రోజు వెళ్ళాల్సింది జలపాతానికి, దారంతా మెలికలే. స్టీరింగ్‌కి ఎక్కడో పట్టుదల పుట్టుకొచ్చింది. నేనంటే ఏమిటో చూపిస్తాను అనుకుంది. మలుపు మలుపుకీ టైర్లు తడి రోడ్డుని అంటిపెట్టుకుని గిర్రున తిరుగుతుంటే ఆమెకే ముచ్చటేసింది.

"కొంచెం ఆపుతారా?" అన్నాడు సర్వేయరు.

"ఇంకా రాలేదండీ. ఇంకో ఇరవై నిమిషాలు."

"ఆపండి."

"ఇక్కడ చూసేదేం లేదు."

"అమ్మా తల్లీ, ఆపు!"

ఆ గొంతుకి ఆమె ఠక్కున బ్రేకు వేసింది. తలుపు తెరుచుకుంది, సర్వేయరు వానలోకి దూకాడు, రోడ్డు పక్క రాతి గోడ మీదకి వంగాడు. తర్వాత జరిగింది చూడాల్సిన దృశ్యం కాదు గానీ స్టీరింగ్ చూసేసింది. నిన్నటి బండరాయి, రొట్టె ముక్కలు, మూసుకున్న కళ్ళు అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి.

గొడుగు, నీళ్ళ సీసా పట్టుకుని దిగింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. ఆగలేదు. ఫక్కున నవ్వేసింది.

"మ్యాపులు గీసే మనిషికి మలుపులు పడవా?"

అతను మొహం కడుక్కుని, వానలో తడిసిన జుట్టు వెనక్కి నెట్టుకుని, ఆమె నవ్వు చూసి తనూ నవ్వాడు. "నవ్వండి. మా ఆఫీసులో తెలిస్తే ఇంతకంటే ఎక్కువ నవ్వుతారు. చిన్నప్పట్నుంచీ ఇంతే. నేను నడిపితే మాత్రం ఏమీ కాదు. మలుపు వస్తోందని నా చేతులకి ముందే తెలుస్తుంది కదా, కడుపు ఊరుకుంటుంది. అందుకే నిన్న అడిగాను."

స్టీరింగ్ నవ్వు ఆగిపోయింది. "ఆ మాట నిన్ననే చెప్పొచ్చుగా! నేను మీ గురించి ఏమేమో అనుకున్నాను."

"ఏమనుకున్నారు?"

"చెప్పను. మీకు మళ్ళీ వాంతి వస్తుంది."

ఇద్దరూ ఒకే గొడుగు కింద గోడకానుకుని నిలబడ్డారు. వాన ఒకవైపు ఆమె భుజాన్నీ, ఇంకోవైపు అతని భుజాన్నీ సమంగా తడుపుతోంది.

"మరి ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారండీ? కొండలెక్కలేని వాడు కొండల మ్యాపు గీయడమేంటి?"

"అందుకే వచ్చాను. చిన్నప్పుడు సెలవులకి బస్సులో వెళ్ళేటప్పుడు ఇంకా ఎన్ని మలుపులున్నాయమ్మా అని అడిగేవాణ్ణి. అయిపోయాయి నాన్నా, ఇదే ఆఖరుది అనేది మా అమ్మ. దాని తర్వాత ఇంకో పది వచ్చేవి. ఎన్ని మిగిలాయో తెలిస్తే ఓర్చుకోవచ్చు. తెలియకపోతేనే కష్టం. నా మ్యాపుల్లో ప్రతి మలుపూ ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్న పిల్లాడెవడో లెక్కపెట్టుకుంటాడని."

స్టీరింగ్ గొడుగుని అతని వైపు కొంచెం ఎక్కువ వంచింది. ఎందుకు వంచిందని అడిగితే చలి గాలి అని చెప్పేదే, కానీ అతను అడగలేదు.

మర్నాడు పొద్దున కారు దగ్గరికి వచ్చిన సర్వేయరు చేతిలోకి తాళం చెవి వచ్చి పడింది.

"పట్టుకోండి. దీని స్టీరింగ్ ఇంతవరకు నేనూ మా తాతయ్యా తప్ప ఎవరూ ముట్టుకోలేదు. జాగ్రత్త."

"నమ్ముతున్నారా?"

"నా సీటు కవర్ల మీద ప్రేమ అండీ. మీ మీద నమ్మకం కాదు."

మైదానం రోడ్ల మీద అతను మంచి డ్రైవరే. కొండ ఎక్కడం మొదలవగానే బండారం బయటపడింది.

"సెకండ్ గేరు వెయ్యండి. ఇంజను ఏడుస్తోంది, వినపడట్లేదా?"

"నాకు మామూలుగానే వినపడుతోంది."

"మీకు కారు భాష రాదు. ఇదిగో, ఇలా." అంటూ చెయ్యి చాచి గేరు కిందికి లాగింది. కారు ఒక్క గుటక మింగి హాయిగా ఎక్కసాగింది. "అదీ! ఇప్పుడు గేరు మీంచి చెయ్యి తియ్యండి."

"నా చెయ్యి గేరు మీదుంది. మీ చెయ్యి నా చేతి మీదుంది. ముందు ఎవరు తియ్యాలి?"

స్టీరింగ్ రోడ్డు వైపు చూసింది. "మలుపు అయిపోనివ్వండి," అంది.

అది చాలా పొడవైన మలుపు.

మూడో రోజు రాతి వంతెన చూశారు. నాలుగో రోజు, కంటికి ఆనినంత మేర పసుప్పచ్చ పూలు పూసిన పొలాల మధ్య నుంచి వెళ్ళి, పాత గాలిమర కింద కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు. ఐదో రోజు, తవ్వి వదిలేసిన క్వారీలో నిలిచిన పచ్చటి నీళ్ళ చెరువు. సర్వేయరు ఇప్పుడు నోట్‌బుక్ నిండా రాస్తున్నాడు. వంటింట్లో అమ్మ ఆమ్లెట్‌కి మూడు గుడ్లు కొట్టాల్సి వస్తోంది. "మంచి పిల్లాడే, తింటున్నాడు," అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది.

ఐదో రోజు సాయంత్రం, ఎండ ఇంకా వరండాలోనే ఉండగా, సర్వేయరు టేబుల్ మీద మ్యాపు పరిచి పెన్సిల్‌తో కొలుస్తూ కూర్చున్నాడు. స్టీరింగ్ కాఫీ కప్పులు తెచ్చి పెట్టింది. అతను తలెత్తలేదు.

"ఏమైంది?"

"ఐదు కుదిరాయి. ఆరోది కుదరట్లేదు."

ఆరోది కొండ మీది మైదానం. దాని అంచున నిలబడితే రెండు నదులు కలిసే చోటు కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో దాన్ని మించిన చోటు లేదు. కానీ సొరంగం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి రావడానికే తొమ్మిది గంటలు పడుతుంది. అక్కడ కాసేపు ఆగితే ఇంటికి వచ్చేసరికి చీకటే. టౌన్ హోటల్ నుంచైతే అది మూడు గంటల ప్రయాణం.

"ఒక్క గంట తగ్గించి రాయండి," అంది స్టీరింగ్. "నేనైతే గంట ముందే తిరిగి తీసుకొస్తాను, చూస్తారా?"

"మీరు తీసుకొస్తారు. కానీ పుస్తకం కొనుక్కుని వచ్చేవాళ్ళందరూ మీరు కాదుగా. ఆ గంటని నమ్ముకుని ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరతారు. పొద్దు వాలేసరికి ఘాట్ రోడ్డు మధ్యలో ఉంటారు."

"మా ఇల్లు మూతపడుతుంది. అది తెలుసా మీకు?"

అతనికి తెలియదు. తెలిశాక అతని మొహంలో రంగు మారింది. పెన్సిల్ కింద పెట్టాడు. "అయినా రాయలేను," అన్నాడు. "కావాలంటే నన్ను తిట్టండి."

అతను చెప్పింది సబబేనని ఆమెకి తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. "మీ పెన్సిలు, మీ పుస్తకం. టౌన్ హోటల్ పేరే రాసుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో అమ్మ అడిగింది. "ఏమన్నాడు?"

"నిజం చెప్పాడు."

"నిజం చెప్తే అంత మొహం పెట్టుకుని వచ్చావేం?"

జరిగిందంతా చెప్పింది. తాతయ్య వింటూ వింటూ ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. రెండు నిమిషాలు ఊఁ కొట్టి, పెట్టేసి, తాపీగా అన్నాడు. "పాత బస్సు దారి తెరిచారట."

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆయన వైపు తిరిగారు. కొండచరియ విరిగిపడి మూడేళ్ళుగా మూసేసిన దారి అది.

"గేటు దగ్గర ఉండేవాడు నా పాత కండక్టరేగా. పోయిన నెల రాళ్ళన్నీ తీసేశారట. చిన్న కార్లని వదులుతున్నారు."

"పోయిన నెలా! ఇన్నాళ్ళూ చెప్పలేదేం తాతయ్యా?"

"నాకూ ఇప్పుడేగా తెలిసింది. వారం నుంచీ వాడికి ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నాను. నువ్వేమో ఐదు ట్రిప్పులతోనే వెలిగిపోతూ తిరుగుతుంటే, ఆరోది ఉందన్న సంగతే మర్చిపోయాను."

"తాతయ్యా!" అని అరిచింది గానీ, చెంపలు ఎర్రబడటం అమ్మ కళ్ళబడనే పడింది.

ఆరో రోజు పొద్దున పాత దారి గేటు దగ్గర, తెల్ల మీసాల పాత కండక్టరు డ్రైవింగ్ సీట్లో ఉన్న సర్వేయర్ని ఎగాదిగా చూశాడు. "ఘాట్ పర్మిట్ ఉందా?"

"లైసెన్సుంది."

"దాంతో పైకి పోనివ్వరు బాబూ. పర్మిట్ ఉన్నవాళ్ళే నడపాలి. ఏమ్మా స్టీరింగ్, నీకుందిగా? ఇటు రా."

సర్వేయరు దిగాడు. పైకి పోయే ఆ సన్నటి దారిని చూశాడు. "ఎన్ని మలుపులు?"

"నలభై మూడు. టిక్కెట్లు కొడుతూ లెక్కపెట్టేవాణ్ణి, తేడా రాదు."

స్టీరింగ్ అతని దగ్గరికి వచ్చింది. రాత్రంతా కోపాన్ని పెంచుకుందామని చూసింది గానీ ఆ మొహం చూశాక ఒక్క ముక్కా మిగల్లేదు. "వద్దనుకుంటే చెప్పండి. తిరిగి వెళ్ళిపోదాం. నిజంగా అంటున్నాను."

"ఈ దారి కొలవకుండా ఐదేనని రాస్తే అదీ అబద్ధమేగా," అని అతను ఎడమ వైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోబోయాడు.

"మూసుకోకండి," అంది స్టీరింగ్. "నేను చెప్తుంటాను. మీరు రోడ్డు వైపే చూడండి. ఒకటోది కుడికి, చిన్నది. వస్తోంది... వచ్చేసింది... అయిపోయింది. రెండోది ఎడమకి, కాస్త లోతు. ఒళ్ళు ఇటు వంచండి."

ఎనిమిదేళ్ళలో ఆమె ఎప్పుడూ అలా నడపలేదు. చేతి కింద నిండు కుండ ఉన్నట్టు, ఒక్క చుక్క తొణక్కుండా నడిపింది. బ్రేకు నొక్కుతోందా లేదా అన్నట్టు నొక్కింది. ప్రతి మలుపునీ ముందే చెప్పింది, ఎంత పొడవో చెప్పింది, ఎన్ని మిగిలాయో చెప్పింది. అతను ఒక్కో అంకె రాసుకుంటూ పోయాడు.

పంతొమ్మిది దగ్గర అతని మొహం తెల్లబడింది. ఆమె అడక్కుండానే పక్కకి తీసి ఇంజను ఆపేసింది. అద్దాలన్నీ దించింది. చల్లటి గాలి లోపలికి వచ్చింది. ఈసారి ఆమె నవ్వలేదు.

"టైమ్ పోతోంది," అన్నాడు అతను.

"పోనివ్వండి. ఈ పది నిమిషాలూ లెక్కలో రాసుకోండి. మీలాంటివాళ్ళు వస్తే ఆగాలిగా."

అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయి, "ఇరవయ్యోది ఎటు?" అన్నాడు.

"కుడికి. హాయిగా ఉంటుంది. నీడ."

నలభై మూడోది దాటగానే కొండ అయిపోయి ఆకాశం మొదలైంది. కనుచూపు మేరా గడ్డి, దాని చివర అంచు. కింద ఒక నది మట్టి రంగులో, ఇంకోటి ఆకుపచ్చ రంగులో వచ్చి, కలిశాక కూడా కొంతదూరం దేని రంగు దానిదిగానే సాగుతున్నాయి. మబ్బు నీడలు వాటి మీద నడుచుకుంటూ పోతున్నాయి.

అతను వాచీ చూశాడు. "రెండు గంటల పది నిమిషాలు. ఆగినదంతా కలిపి." ఆ గొంతులో ఆనందం పొంగిపోతోంది. "మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉన్నా ఎండ ఉండగానే ఇంటికి చేరతాం. ఆరో ట్రిప్పు కుదిరింది!"

స్టీరింగ్ ఎగిరి గంతేసింది. తర్వాత చూస్తే, అతను నోట్‌బుక్ మూసేసి జేబులో పెట్టేసుకుంటున్నాడు.

"రాయరా?"

"రాస్తాను. కానీ నా రాత చెల్లదు. సర్వేయరు అన్నవాడు ఎటూ మొగ్గకూడదు. నేను మొగ్గిపోయాను."

"ఎటు?"

"డ్రైవరు వైపు."

గాలికి గడ్డి అంతా ఒక పక్కకి వాలింది. స్టీరింగ్ చేతులు కట్టుకుని, పెదాల మీద వస్తున్న నవ్వుని ఆపుకోకుండా అడిగింది. "ఎప్పట్నుంచి?"

"రెండో రోజు. వానలో. మీరు నన్ను చూసి నవ్వినప్పుడు."

"అప్పుడా! ఆ అవతారంలోనా! నేను కాస్త ఆలస్యమండీ. నిన్న సాయంత్రం. నేనంతలా అడిగినా ఒక్క గంట తగ్గించి రాయనన్నారు చూడండి, అప్పుడు."

"అప్పుడు మీరు నన్ను తినేసేలా చూశారు."

"అవును. తినేద్దామనే ఉంది. ఆ తర్వాత రాత్రంతా అనుకున్నాను, ఇలాంటివాడు ఒక మాటిస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదని. మీరు అడిగేదాకా ఆగుదామనుకున్నాను గానీ, మీరు మ్యాపు చుట్టూ తిరిగి వస్తారు, నాకు షార్ట్‌కట్‌లు అలవాటు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అతను గట్టిగా తల ఊపాడు, రెండుసార్లు, మూడుసార్లు.

"ఎక్కువ ఊపకండి, తల తిరుగుతుంది," అంది.

అతని షరతు ఒకటే. ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ఇంకెవరో వచ్చి మళ్ళీ కొలుస్తారు. వాళ్ళ నిర్ణయం వచ్చేదాకా ఇద్దరూ మ్యాపు గురించి ఒక్క ముక్క మాట్లాడుకోకూడదు.

"మిగతావి?"

"మిగతావన్నీ."

మిగతావి చాలానే ఉన్నాయని ఆ తర్వాత రోజుల్లో తేలింది. ఫోన్లో అతని ఆఫీసు కిటికీ గురించీ, ఆమె కొత్త టైర్ల గురించీ, ఎవరు ఎలా గురక పెడతారన్న దాని గురించీ మాట్లాడుకున్నారు. పన్నెండో రోజున మ్యాపుల కంపెనీ మేడమ్ వచ్చింది. సన్నగా, పొట్టిగా, చేతిలో స్టాప్‌వాచీతో. ఆవిడకి కొండ మలుపులూ ఒకటే, ఇంట్లో సోఫా ఒకటే. ఐదు రోజులు ఒక్క మాట కూడా పొగడలేదు.

ఆరో రోజు పాత దారిలో పొగమంచు దిగింది. ముందు పది అడుగులు తప్ప కనపడటం లేదు. స్టీరింగ్‌కి ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. వేగంగా పోగలదు. పోతే టైమ్ కలిసొస్తుంది. ఆమె లైట్లు వేసుకుని, హారన్ కొడుతూ, నడక వేగంతో నడిపింది.

"ఎందుకింత నెమ్మది?" అంది మేడమ్.

"మంచులో ఇక్కడ ఇంతేనండీ నడపాల్సింది."

"టైమ్ దాటిపోతే మీ పేరు పోతుంది."

"పోతే పోయిందండీ. ముందు కారులో ఉన్న మీరు ముఖ్యం."

మేడమ్ స్టాప్‌వాచీ వైపు చూసుకుంది. మూడు గంటలకి పైకి చేరారు, సాయంత్రం ఎండ గోడ మీద ఉండగానే ఇంటికొచ్చారు. వెళ్ళేముందు ఆవిడ వరండాలో కాఫీ తాగుతూ స్టీరింగ్‌ని పిలిచింది.

"మా సర్వేయరు మీ గురించి ఆరు పేజీల రిపోర్టు పంపాడు. కింద సంతకం దగ్గర, 'ఈ రిపోర్టుని నమ్మకండి, నేను డ్రైవరుని ప్రేమిస్తున్నాను' అని రాశాడు. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అలాంటి రిపోర్టు చూడలేదు." కప్పు కింద పెట్టింది. "అందులో ఒక్క నిమిషం కూడా తేడా లేదు. పాత దారి పక్కన మాత్రం, 'పర్మిట్ ఉన్న డ్రైవరుతోనే వెళ్ళండి' అని రాస్తున్నాం. ఆ డ్రైవరు దొరికేది ఈ ఇంట్లోనేగా?"

స్టీరింగ్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక మేడమ్‌ని అమాంతం కావలించుకుంది. ఆవిడ స్టాప్‌వాచీ కింద పడింది.

ఆ రాత్రి స్కూలు బస్సు వాళ్ళకి రాలేనని ఉత్తరం రాసేసింది.

మూడు నెలలకి పుస్తకం షాపుల్లోకి వచ్చింది. వారం తిరిగేసరికి ఫోను మోగడం మొదలైంది. రెండో వారానికి ఎనిమిది గదుల తాళాలూ తీశారు. తాతయ్య హుషారుగా రిసెప్షన్లో కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా పాత బస్సు కథలు చెప్తున్నాడు. సరిగ్గా ఆ హడావుడిలో, ఒక ఆదివారం పదకొండు గంటలకి, గేటు ముందు ఒక కారు ఆగింది. సర్వేయరు దిగాడు. వెనక తలుపులోంచి అతని అమ్మా నాన్నా దిగారు.

స్టీరింగ్ అప్పుడే రిజర్వాయరు పార్టీని తిరిగి తెచ్చి దించి, వెనక డిక్కీ మూస్తోంది. నూనె చేతులతోనే నిలబడిపోయింది. "చెప్పకుండా వచ్చారేంటి?"

"ఇక్కడ మలుపులన్నీ ముందే చెప్పే డ్యూటీ మీది," అన్నాడు అతను.

అతని తల్లి ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, నూనె చెయ్యే పట్టేసుకుంది. "నువ్వేనా స్టీరింగ్‌వి? ఫోన్లో ఈ పేరు విని మావాడు కారు కొన్నాడేమో అనుకున్నానమ్మా మొదట్లో."

వంటింట్లోకి నడిచారు అందరూ. అమ్మ రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టుకుని చెమటలు కక్కుతోంది. అతని తండ్రి గొంతు సవరించుకున్నాడు. దారిపొడుగునా తయారు చేసుకొచ్చిన మాటలు మొదలుపెట్టాడు. "అమ్మా, మేం వచ్చిన పని ఏంటంటే, మా అబ్బాయి, మీ అమ్మాయి... వాడికి బల్లా కిటికీ ఉంటే ఎక్కడైనా మ్యాపులు గీసుకుంటాడు. అమ్మాయి కొండ వదిలి రానక్కర్లేదు. వాడే ఇక్కడికి వస్తానంటున్నాడు. మీకు అభ్యంతరం లేకపోతే..."

అమ్మ గరిటె పట్టుకుని అందరి వైపూ చూసింది. కూతురి మొహం చూసింది. ఆ మొహంలో బతిమాలటం ఏమీ లేదు. నేను ఒప్పేసుకున్నాను, నువ్వు కూడా ఒప్పుకుంటావని తెలుసు అన్నట్టు నిలబడి ఉంది.

"అయ్యో, మీకివ్వడానికి ఒక్క గదైనా ఖాళీ లేదే!" అంది అమ్మ.

అతని తండ్రి తడబడ్డాడు. "గది సంగతి కాదమ్మా, మేం అడిగేది..."

"అది వినపడిందండీ. దానికేముంది, ఆ మాట మా అమ్మాయి మూణ్ణెల్ల క్రితమే నాతో చెప్పింది. నేను ఆలోచిస్తున్నది గది గురించి." అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆమె గొంతు మామూలుగా అయిపోయింది. "సరే, గెస్టులకైతే గదులు లేవు. ఇంటివాళ్ళం ఎలాగో సర్దుకుందాం. వదినగారూ, మీరలా కూర్చోండి. అన్నయ్యగారికి ఆ కుర్చీ ఇవ్వవే."

ఇన్నాళ్ళూ ఆవిడకి 'మ్యాపు బాబు', 'మీరు' అయిన సర్వేయరు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆవిడ అతని వైపు తిరిగి ఒక కత్తీ, గంపెడు బంగాళాదుంపలూ ముందుకు తోసింది.

"నువ్వేంట్రా అక్కడే నిలబడ్డావు? పన్నెండింటికల్లా ఎనిమిది గదులకి భోజనాలు పెట్టాలి. ఇలా వచ్చి ఇవి తరుగు."

అతను చొక్కా చేతులు మడుచుకున్నాడు.